జైతూన్ పళ్లెం

1987 ఏప్రిల్ ఆఖరి రోజు. రంజాన్ ఉపవాసాల్లో మొదటి రోజా. తెల్లవారకముందే లేచి యాకూబ్ కిచిడీ, చింతపండు ఖట్టా తిన్నాడు. ఒక్కడే తిన్నాడు. ఇరవై రెండేళ్ల కాపురంలో సహరీకి భార్య పక్కన లేకపోవడం అదే మొదటిసారి.

జైతూన్ మంచంలో ఉంది. కడుపులో గడ్డ. ఖమ్మం దవాఖానాలో డాక్టరు మందులేవీ రాయకుండానే ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. ఆమె ఏది అడిగితే అది పెట్టమన్నాడు.

యాకూబ్ ఆ మాటనే మందుచీటీ అనుకున్నాడు. తిండి పడితే మనిషి లేస్తుందని నమ్మాడు.

జూలూరుపాడు మసీదులో మౌల్సాబు అతన్ని పక్కకు పిలిచాడు. జబ్బు తగ్గేవాళ్లు ఉండలేకపోయిన రోజాలను తర్వాత ఉండి తీర్చుకోవాలి. తగ్గే ఆశ లేనివాళ్లు ఒక్కో రోజాకు ఒక పేదకు కడుపునిండా అన్నం పెట్టాలి. జైతూన్ పేరున ఎవరికైనా పెడుతున్నావా అని మెల్లగా అడిగాడు.

యాకూబ్‌కు కోపం వచ్చింది.

"ఎందుకు పెట్టాలె? చలికాలంల పొద్దు చిన్నగుంటది. అప్పుడు ఆమెనే రోజాలు ఉంటది."

మౌల్సాబు మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

అవి పండుగ బట్టలు కుట్టే రోజులు. బజార్లో మిషను ముందు కూర్చుంటే పొద్దుగూకి మగ్రిబ్ నమాజు వేళకు గాని ఇల్లు చేరడు. అందుకని పొద్దున్నే అన్నం, పప్పు వండి, పళ్లెంలో పెట్టి మూతవేసి వెళ్లేవాడు. గూడెం నుంచి రోజూ పుల్లల మోపు తెచ్చి అమ్ముకునే నాగక్కను, మధ్యాహ్నం కాసేపు దగ్గర కూర్చొని తినిపించి పొమ్మని బతిమాలాడు.

మొదటి సాయంత్రం వచ్చేసరికి పళ్లెం ఖాళీ. రోజా విడవడానికి చేతిలోకి తీసుకున్న ఖర్జూరం నోట్లో వేసుకోవడం మరిచి దాన్నే చూశాడు.

రెండో రోజూ ఖాళీయే. వారం తిరిగేసరికి జైతూన్ తనే అడగడం మొదలుపెట్టింది.

"బియ్యం ఇంకో పిడికెడు పొయ్యి. పప్పు చిక్కగుండాలె. శుక్రవారం గుడ్డు గూడ పెట్టు."

"ఇట్లయితే నన్ను గూడ తినేటట్టున్నవ్," అని యాకూబ్ చాలా రోజుల తర్వాత నవ్వాడు.

"రోజా లేనిదాన్ని గదా," అందామె.

సాయంత్రం జావ పట్టిస్తే మాత్రం రెండు గుక్కలకే చాలనేది. పగలు కడుపునిండా తిన్నది కదా అని అతనికి అదీ సంతోషమే.

ఒళ్లు మాత్రం చిక్కుతూనే ఉంది. చేతికి గాజులు నిలవడం లేదు. ఆమె పండుగ రవికెకు రెండుసార్లు లోపలి కుట్టు వేసి బిగించాడు. తిన్నది ఒంటపట్టడానికి కొన్నాళ్లు పడుతుందని తనకు తనే చెప్పుకున్నాడు. ఒకరోజు నాగక్కను దారిలో ఆపి, నిజంగానే తింటోందా అని అడిగాడు.

"పళ్లెంల మెతుకు మిగుల్తలేదన్నా," అంది నాగక్క, మోపు సర్దుకుంటూ.

ఆ నెలంతా రోజా విడిచే ముందు దువాలో అతను అల్లాను అడిగింది ఒక్క చలికాలమే.

పండుగ నెలవంక కనబడిన సాయంత్రం నాగక్క వాకిట్లోకి వచ్చింది. జైతూన్‌కు అప్పుడే కునుకు పట్టింది. యాకూబ్ నాగక్క కోసం కుట్టిన కొత్త రవికె తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. మీ వదిన తేరుకుంటోందంటే అది నీ చలువే అన్నాడు.

నాగక్క దాన్ని కాసేపు పట్టుకుంది. తర్వాత మడత విప్పకుండానే గడప మీద పెట్టేసింది.

"గిది నాకొద్దన్నా."

మాటలకు జైతూన్ లేస్తుందేమోనని, రాత్రికి వేసే తలుపును అప్పుడే చప్పుడు కాకుండా దగ్గరికి వేశాడు యాకూబ్.

"రోజూ ఆ పళ్లెం తిన్నది నేనన్నా, 'ఇగ నేను తీర్చుకోలేని రోజాలకు బదులు ఈ బువ్వ, నెల పొడిచేదాక నువ్వే తినాలె, మీ అన్నకు మాత్రం చెప్పకు' అని మొదటి దినమే వదిన నా చేత ఒట్టు వేయించుకున్నది."