నాలుగుసార్లు తలుపు తట్టిన కునుకు

"అలా నేల చూపులు చూస్తే జడ్జిగారికి జాలేస్తుంది గాని నమ్మకం కుదరదు. నన్ను చూసి చెప్పు, లాయరమ్మా!"

తండ్రి తన వడ్రంగి షాపులో పలకల దొంతర మీద కూర్చుని జడ్జి వేషం కట్టాడు. చెవి మీద పెన్సిలు, భుజం మీద తువ్వాలు, కాళ్ల చుట్టూ చెక్కపొట్టు. ఎదురుగా కూతురు, న్యాయ కళాశాలలో ఆఖరి సంవత్సరం. పట్టా ఇంకా చేతికి రాకముందే ఆయన ఆమెను లాయరమ్మని చేసేశాడు. బల్ల చేయించుకోడానికి వచ్చినవాడికి కూడా ముందు ఆ సంగతి చెప్పాకే కొలతలు తీసుకుంటాడు.

మర్నాడే మూట్ కోర్టు పోటీ ఫైనల్. కోర్టు ఉత్తుత్తిదే గాని పంతం మాత్రం అసలైనదే. కేసు చిన్నది. లారీ డ్రైవరు స్టీరింగు ముందు కునికాడు, సైకిలు మీద వెళ్తున్న మనిషి చనిపోయాడు. నేరం రుజువైంది. ఇక శిక్ష ఎంత వేయాలన్నదే వాదన. పోటీ వాళ్లిచ్చిన కాగితంలో గరిష్ఠం ఐదేళ్లు. ఆమెది ప్రభుత్వం తరఫు.

"అవతలివాడు గట్టివాడు నాన్నా. 'నిద్ర మనిషి చేతిలో ఉందా? ఇది పొరపాటే, ఆరు నెలలు చాలు' అంటాడు. దానికి నా దగ్గర జవాబు లేదు."

తండ్రి చెవి మీది పెన్సిలు తీసి చేతిలో తిప్పాడు.

"కునుకు చెప్పాపెట్టకుండా రాదమ్మా. నాలుగుసార్లు తలుపు తడుతుంది. మొదట ఆవులింత. తర్వాత కళ్లలో ఇసుక పోసినట్టు మంట. మూడోసారి, ఇందాక దాటిన ఊరేదో గుర్తుండదు. నాలుగోసారి తల వాలిపోయి ఉలిక్కిపడి లేస్తాడు. ఆ నాలుగుసార్లూ బండి పక్కన ఆపొచ్చు. ఆపకుండా 'ఇంకో పది మైళ్లేగా' అనుకుంటాడు చూడు, అదీ నేరం. నిద్ర కాదు."

కూతురు నోరు వెళ్లబెట్టింది. "నీకివన్నీ ఎలా తెలుసు? నువ్వు సైకిలు కూడా తొక్కవు కదా!"

"ఓడలో ఒకడుండేవాడు. అంతకుముందు లారీ తోలేవాడట, ఒకసారి ఇలాగే కునికాడట. వాడే చెప్పాడు."

ఓడ సంగతి ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలిసిందే. ఆమెకు నాలుగేళ్లప్పుడు ఆయన సరుకుల ఓడలో పనికి వెళ్లాడు, తొమ్మిదేళ్లప్పుడు తిరిగొచ్చాడు. వడ్రంగం అక్కడ నేర్చుకున్నదే. ఐదింటికి లేవడం, దుప్పటి నాలుగు మూలలూ కలిపి మడవడం, తిన్న కంచం తనే కడుక్కోవడం, అన్నీ ఓడ క్రమశిక్షణేనని అమ్మ చెప్పేది. సముద్రం కబుర్లు అడిగితే మాత్రం ఆయన "ఏముంది, నీళ్లేగా!" అని తేల్చేసేవాడు.

"మరి శిక్ష ఎంత అడగను నాన్నా?"

"ఐదేళ్లూ అడుగు. ఒక్క రోజు తగ్గకు."

"జాలి వేయదూ? వాడికీ పెళ్లాం బిడ్డలుంటారు."

"వేస్తుంది. అయినా అడుగు. ఆ సైకిలు మనిషికీ ఉండే ఉంటారు."

అన్నం క్యారియరు తెచ్చిన అమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. "ఇక చాలించండి, రేపటికి దాని గొంతు పోతుంది," అంది. ఆయన లేచి చేతులు కడుక్కున్నాడు.

మర్నాడు హాలు కిటకిటలాడింది. అవతలి కుర్రవాడు మాటలతో కోటలు కట్టాడు. విధి అన్నాడు, అలసట అన్నాడు, చివరికి డ్రైవరు మీద జనానికి కన్నీళ్లొచ్చేలా చేశాడు. తర్వాత ఆమె లేచింది. మనిషి మైకు స్టాండంత ఉంటుంది, ఎవరో కిసుక్కున నవ్వారు కూడా. కానీ పిట్ట కొంచెం, కూత ఘనం! నాలుగుసార్లు తలుపు తట్టిన కునుకు గురించి ఆమె చెబుతుంటే హాల్లో ఫ్యాన్ల చప్పుడు తప్ప మరేమీ వినపడలేదు.

ముగింపు మాత్రం పూర్తిగా ఆమె సొంతం.

"ఐదేళ్లతో శిక్ష పూర్తవుతుందని నేననను. జైలు గేటు దాటాక, కన్నబిడ్డ ఎదుట నిలబడి 'తప్పు నాదే' అని చెప్పుకున్న రోజున పూర్తవుతుంది. అలా చెప్పగలిగిన తండ్రిని చూసి ఏ బిడ్డా సిగ్గుపడదు. గర్వపడుతుంది."

తీర్పు చెప్పిన రిటైర్డు జడ్జిగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ముప్ఫై ఏళ్లు ఆ కుర్చీలో కూర్చున్నాను. ఈ తలుపు చప్పుడు నాకెవరూ వినిపించలేదమ్మా," అంటూ మొదటి బహుమతి కప్పు ఆమె చేతిలో పెట్టారు. అందరూ చప్పట్లు ఆపేశాక కూడా ముందు వరసలో ఒక మనిషి కొడుతూనే ఉన్నాడు. బయటికొస్తూ హాలు గుమ్మం దగ్గర వాచ్‌మన్‌ని కూడా ఆపి, "మా అమ్మాయే!" అని చెప్పాడు.

మెట్ల మీద ఆమె కప్పు తెచ్చి తండ్రి చేతుల్లో పెట్టింది. "ఇందులో సగం ఆ ఓడ మనిషిది నాన్నా. తప్పు చేసినా దాచుకోకుండా ఎంత నిజం చెప్పాడు! ఎక్కడుంటాడు? పద, ఒక్కసారి కలిసి దణ్ణం పెట్టుకుంటాను."

వెనకే వచ్చిన అమ్మ ఆయన వైపు చూసింది. ఈసారి అడ్డు చెప్పలేదు.

ఆయన కప్పు భార్యకు అందించి, చొక్కా సర్దుకుని నిటారుగా నిలబడ్డాడు. నేల చూపులు చూడలేదు. కూతురి కళ్లలోకే చూశాడు.

"నేనెప్పుడూ ఓడ ఎక్కలేదమ్మా."