తుకారాం వంతు

"ఆ గిన్నెకు తుకారాం మూతి తగిలితే నేను తాగనయ్యగారూ. నేనే కాదు, ఈ చర్చిల ఎవ్వలు తాగరు."

హన్మవ్వ గుమ్మానికి అడ్డం నిలబడి తెగేసి చెప్పింది. చెరుకు బండ్లు బోధన్ ఫ్యాక్టరీకి పోయే తొవ్వ పక్కన, పెంకులు కప్పిన చిన్న చర్చి అది. కాశయ్య పాస్టరు నెలకొక ఆదివారం నిజామాబాదు నుంచి పొద్దటి బస్సుకు వచ్చి, రొట్టె, ఒకే గిన్నెలో ద్రాక్షరసంతో ప్రభు సంస్కారం ఇచ్చి పోతాడు. మిగతా రోజుల్లో చర్చికి పెద్దదిక్కు హన్మవ్వే. ఊడ్చేది ఆమె, గంట కొట్టేది ఆమె, పాట ఎత్తుకునేదీ ఆమే. ఆమె తాగనన్నదంటే ఊరు తాగదు.

తుకారాం బయట గోడ నీడన నిలబడి ఉన్నాడు. కుష్ఠు జబ్బుతో దవాఖానకు పోయిన మనిషి, ఏండ్ల తరువాత నిన్ననే ఇల్లు చేరాడు. మాటలన్నీ చెవిన పడుతున్నా పడనట్టే బండ్ల దిక్కు చూస్తున్నాడు.

"వానికి నయమైందవ్వా. డాక్టర్లే చెప్పి పంపిండ్రు," అన్నాడు పాస్టరు.

"డాక్టర్లు వచ్చి మన గిన్నెల తాగుతరా?"

పాస్టరుకు నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. "ఇయ్యాల్టి పాఠం ఎరికేనా నీకు? పదిమంది కుష్ఠురోగులది. అందరికి నయమైతే ఒక్కడే మళ్లొచ్చి ప్రభువుకు మొక్కిండు. మనకు సుత ఒక్కడు మళ్లొచ్చిండు."

"ఎరికే. గా పదిమంది దూరం నిలబడే పిలిచిండ్రు."

"అది నయం కాకముందు. నయమైనంక వచ్చినోడు కాళ్ల మీదనే పడ్డడు."

అయినా హన్మవ్వ గుమ్మంలోంచి జరగలేదు.

"పసిపిల్లలున్న ఇల్లయ్యా నాది," అంది గొంతు తగ్గించి. "వాని మీద కోపం కాదు. భయం."

అప్పుడు కదిలాడు తుకారాం. "అయ్యగారూ, నా కోసం లొల్లి వద్దు. అందరు తాగినంక ఆఖరుకు తాగుత. గన్నేండ్లు ఆగిన, ఇంకింత సేపు ఆగలేనా?"

ఆరాధన మొదలైంది. తుకారాం వెనక గోడకు ఆనుకుని ఒక్కడే కూర్చున్నాడు. హన్మవ్వ పాట ఎత్తుకుంటే వెనక నుంచి అతని బొంగురు గొంతు కలిసింది. వెనకటికి ఆ గొంతు లేనిదే అక్కడ పాట నిండేది కాదు. ఆమె ఒక చరణం మధ్యలో తడబడింది, మళ్లీ అందుకుంది.

గిన్నె అందరి చేతులూ దాటి ఆఖరుకు తుకారాం దగ్గరకు చేరింది. మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులా పట్టుకుని, ఒక్క గుక్క తాగాడు. పాస్టరు గిన్నె అందుకుని, అందరూ చూస్తుండగానే అడుగున మిగిలింది తను తాగేశాడు. హన్మవ్వ తల దించుకుంది.

ఆరాధన అయ్యాక ఎప్పటిలాగే అందరికీ చాయ్. హన్మవ్వ గ్లాసులు పడుతుంటే భూమవ్వ పొయ్యి మీది నుంచి దించిన కెటిల్‌తో పోస్తోంది. గుడ్డ జారింది. చాయ్ ధారగా హన్మవ్వ ఎడమచేతి మీద పడింది.

"అయ్యో, అవ్వా!" అంటూ ఆడవాళ్లు లేచారు.

హన్మవ్వ తాపీగా కొంగుతో చెయ్యి తుడుచుకుంది. "ఏందే గిట్ల మొత్తుకుంటరు? సల్లగనే ఉన్నది. పొయ్యి ఊదలేదా ఏంది?"

భూమవ్వ కెటిల్‌కు వేలు తాకించి చటుక్కున తీసేసింది. వేలు ఊదుకుంటూ, "మసులుతున్నదవ్వా!" అంది.

పనిచేసి పనిచేసి అవ్వ చెయ్యి రాయి అయిందని అందరూ నవ్వారు. హన్మవ్వా నవ్వింది. నవ్వనిది తుకారాం ఒక్కడే. గ్లాసు కింద పెట్టి, మెల్లగా ఆమె దిక్కు వచ్చాడు.

"ఏంది బిడ్డా? అక్కన్నే ఉండి చెప్పు," అంది హన్మవ్వ, ఒకడుగు వెనక్కి వేసి.

తుకారాం ఆగిపోయాడు. ఆమె ఎడమచెయ్యి అప్పటికే ఎర్రబడి బొబ్బలు లేస్తోంది. ఆమె ఆ చేత్తోనే ఇంకో గ్లాసు పట్టుకుని ఉంది. అతను చుట్టూ చూసి, ఇంకెవరికీ వినపడనంత మెల్లగా అన్నాడు.

"రేపు పొద్దటి బస్సుకు నాతోని దవాఖానకు రా అవ్వా. భయపడకు, నయమైతది. నాకు సుత మొదలు గిట్లనే, నిప్పు తగిలినా సల్లగనే ఉంటుండె."