గడి గోడ

"ఎవలయ్యా నువ్వు? ఏం కొలుస్తున్నవ్?"

కృపాకర్ కేక విని, దిబ్బ మీద అడుగులు లెక్కపెడుతున్న ముసలాయన ఆగిపోయాడు. ఒంటిమీద ఇస్త్రీ తెల్లబట్టలు, చేతిలో కర్ర.

మోతె దగ్గరి ఆ దిబ్బ ఒకప్పుడు మట్టికోట. తర్వాత దొరలు దాని మీద చుట్టూ గోడతో తమ బంగళా, గడి, కట్టుకున్నారు. గడి కూలిపోయాక, కాలువ పనికి ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కూలీలు ఓ పక్కన ఇళ్ళు వేసుకున్నారు; అదే కృపాకర్ ఉండే కాలనీ. ఇన్నాళ్ళకు దొర మనవడికి ఆ మట్టి మీద ప్రేమ పుట్టింది. దిబ్బంతా తనదేనని కేసు వేశాడు.

ఆ రోజే కోర్టు సర్వే. ఇళ్ళు గడి గోడకు లోపల ఉంటే దొరవి. బయట ఉంటే అది పాత కోట జాగా, సర్కారుది, పట్టాలొస్తాయి. గోడ ఎక్కడుండేదో కాలనీలో ఒక్కరికీ తెలియదు. తెలిసిన ఊరివాళ్ళు దొర పేరు చెబితే నోరు విప్పరు.

"దొర మనిషి ఒకడొచ్చి దొంగ హద్దు సూపెడతడు, పైలం" అని కాలనీ తరఫు లాయర్ నవనీత ముందే చెప్పింది.

ముసలాయన కర్రతో చూపించాడు.

"గిది దొరసాని పండే అర్ర. గీడ వడ్ల గాదె. గా మూలకు దేవునర్ర..."

"లోపలి సంగతులు గింత తెల్సినయంటే నువ్వు దొరోళ్ళ మనిషివే!"

"కాదు బిడ్డా, జర ఇను. నేనెందుకొచ్చిన్నంటే..."

"మాకెరికే. నడువ్!"

కృపాకర్ తల్లి యాదమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చింది.

"ముసలోడురా. దూపైతుందేమో."

"పాముకు పాలు పోస్తవా అమ్మా?"

"గోడ గీడిదాకనే..." అని ముసలాయన అంటుండగానే నలుగురు కలిసి ఆటో ఎక్కించారు. కాలనీ అంతా చప్పట్లు కొట్టింది.

పదకొండింటికి సర్వేయర్ వచ్చాడు.

"గోడ సూపెట్టే సాక్షి ఎవరు?"

జీపులోంచి ఓ కుర్రవాడు దిగాడు. దొర మనవడి గుమాస్తా. తాపీగా నడిచి, కాలనీ చివరి ఇంటి వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు.

"గీడిదాక ఉండె సార్."

"అబద్ధం!" కృపాకర్ గొంతు చించుకున్నాడు.

"నువ్వు సూసినవా? మీ దిక్కు సాక్షి ఎవరన్న ఉన్నరా?" సర్వేయర్ అడిగాడు.

కృపాకర్ కాలనీవాళ్ళ వైపు చూశాడు. ఒక్కరూ ముందుకు రాలేదు. ఇళ్ళన్నీ గడిలోకి పోయాయి.

"ఇదే ఆఖరి సర్వే. మళ్ళ కొలుసుడుండది" అంటూ సర్వేయర్ సంతకాలు తీసుకుని వెళ్ళిపోయాడు. యాదమ్మ గడపలో కూలబడింది. కృపాకర్‌కు ఏడుపొక్కటే తక్కువ. అప్పుడు ఫోన్ మోగింది.

"పొద్దటి నుంచి చేస్తున్న, ఎత్తవేంది?" నవనీత.

"గొడవల సూసుకోలే మేడం. దొర మనిషిని తరిమినా లాభం లేకపాయె."

"ఎవర్ని తరిమిన్రు?"

"తెల్లబట్టల ముసలాయనను."



"కృపాకర్, ఆయన మట్టయ్య... చిన్నప్పుడు ఆ గడిల జీతముండి అర్రలన్నీ ఊడ్చినోడు, మీ తరఫున సాక్ష్యం చెప్తనని త్రిపురారం నుంచి తెల్లారకముందే బస్సెక్కిండు."