వదిన పింఛను

"వదినా, మేడమ్ వచ్చినారు" అని లోపలికి కేకేశాడు చలమయ్య.

సూర్యకుమారి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. మెడ బోసి. మొహాన బొట్టు లేదు.

వచ్చినావిడ పేరు తన్మయి. పాతికేళ్లుంటాయేమో. అమ్మానాన్నలది రాజమండ్రి, ఉద్యోగం కౌలాలంపూర్‌లో. హాలండ్‌లో ఒక పింఛను ఫండు ఉంది. వాళ్ల డబ్బు అందుకుంటున్నవాళ్లు ఈ మలేషియాలో ఎక్కడెక్కడున్నా, ఇంటికెళ్లి కళ్లారా చూసి రాసుకురావడం ఈ పిల్ల పని.

చలమయ్య అన్న ఇరవై ఏళ్లు హాలండ్ ఓడల్లో వంట చేశాడు. పోయి పదేళ్లయింది. ఆ పింఛను అప్పట్నుంచీ సూర్యకుమారికి వస్తోంది. బంటింగ్ ఊళ్లో ఈ రెండు గదుల ఇల్లు నడిచేది దాని మీదే. చలమయ్యకి క్లాంగ్ గోదాములో పని పోయి ఏడాది దాటింది. ఇవాళ ఈ పిల్ల తప్పు గడిలో టిక్కు పెట్టిందా, వచ్చే నెలనుంచి పొయ్యి వెలగదు.

"మా తెలుగు నీకు తెలుస్తదా అమ్మా? తాతల కాలంనాటిది లా" అంది సూర్యకుమారి, మాట చివర ఇక్కడి మలేషియా వాళ్ల 'లా' తగిలించి.

"భలే ఉందాంటీ! మా అమ్మమ్మది విజయనగరం. అచ్చం ఇలాగే మాట్లాడేది."

"మరి ఏటమ్మా ఇది? ఇన్నేళ్లూ కాయితం పంపితే సరిపోయింది. ఇప్పుడు మనిసొచ్చి సూడాలా?"

తన్మయి కుర్చీలో ఇబ్బందిగా కదిలింది. "వాళ్ల తిప్పలు వాళ్లవాంటీ. అక్కడ మనుషులు తొంభై దాటినా బతుకుతున్నారు. చందా కట్టే కుర్రాళ్లేమో తగ్గిపోయారు. చాలా ఏళ్లు వడ్డీలే లేవు. పోనీ అని పెద్దపెద్ద అద్దాల ఆఫీసు మేడలు కొన్నారు. ఇప్పుడందరూ ఇంట్లో కూర్చుని పని చేస్తున్నారు కదా, సగం మేడలు ఖాళీ. అందుకని చిల్లు ఎక్కడుందో వెతుకుతున్నారు."

"అయితే మేం సావకపోడమే ఆళ్లకి నష్టం."

"అయ్యో, అలా కాదాంటీ!"

"మరెలాగ లా? మా ఆయన యాబై నిండకుండా పోయినాడు. ఆళ్లకి లాభమే సేసినాడు."

తన్మయికి నవ్వొచ్చింది. వెంటనే సిగ్గేసి మాట మార్చింది. "ఇప్పుడు గోదాముల మీద పడ్డారు. అద్దెలు బాగా వస్తాయని. క్లాంగ్ పోర్టు దారిలో కూడా ఒకటి కొన్నారు. మనుషుల్ని తీసేసి మిషన్లు పెట్టాక రాబడి పెరిగిందట."

చలమయ్య టీ కప్పు కింద పెట్టాడు. "నీలం రేకుల గోదామా మేడమ్?"

"అవును. మీకు తెలుసా అంకుల్?"

"పద్నాలుగేళ్లు అందులోనే పని సేసినాను."



"సూసినావా?" అంది సూర్యకుమారి. "ఈ సేత్తో పింఛనిచ్చి ఆ సేత్తో మా... మా మరిది పని లాక్కున్నారు."

చలమయ్యకి తల ఎత్తబుద్ధి కాలేదు. చెట్టంత మనిషి. రెక్కలు దిట్టంగానే ఉన్నాయి. చచ్చిపోయిన అన్న చెమట డబ్బుతో అన్నం తింటున్నాడు. ఈ పిల్ల మనసులో అదే అనుకుంటూ ఉంటుంది. అనుకోకపోతే వింత.

తన్మయి ఫారం తీసింది. "ఏమనుకోకండి ఆంటీ, ఇందులో ఉన్నవి అడక్క తప్పదు."

పేరు అడిగింది. పుట్టిన తేదీ అడిగింది. గుర్తింపు కార్డు చూసుకుంది. మూడో ప్రశ్న దగ్గర పెన్ను ఆగిపోయింది. కాగితంలోంచి తల ఎత్తకుండా, అప్పచెప్పినట్టు చదివేసింది. "మీరు మళ్లీ పెళ్లి చేసుకున్నారా? పెళ్లి కాకపోయినా ఎవరితోనైనా... కలిసి ఉంటున్నారా?"

"నలబయ్యేడొచ్చినాయి నాకు. ఇప్పుడు పెళ్లేటి లా!"

"అంటే... అంకుల్ ఇక్కడే ఉంటారు కదా. మగతోడు ఉందంటే పింఛను ఆపేస్తారు, అందుకని అది కూడా రాయాలి."

"రాసుకో. నా మరిది. ఆళ్లన్న పోయేముందు సెయ్యి పట్టుకుని, వదిన్ని సూసుకోరా అని ఒప్పజెప్పినాడు. నా కొడుకులాటోడు."

ఆ మాట చలమయ్య చెవిలో సీసం పోసినట్టు దిగింది. గోడ మీద అన్న ఫోటో ఉంది. ఆ వైపు చూడలేకపోయాడు.

"వదినంటే అమ్మ తరవాత అమ్మే మేడమ్" అన్నాడు. అతన్ని ఎవరూ అడగలేదు. అనకపోతే ఎక్కడ పట్టుబడిపోతాడో అన్నట్టు అనేశాడు.

తన్మయి 'లేదు' అన్న గడిలో టిక్కు పెట్టింది. ఫారం సంచిలో పెట్టుకుని లేచి, ఎవరూ ఊహించని పని చేసింది. వంగి చలమయ్య కాళ్లకి దణ్ణం పెట్టబోయింది.

అతను గబుక్కున రెండడుగులు వెనక్కేశాడు. "వొద్దు తల్లీ! నాకొద్దు!"

"మా చుట్టాల్లోనే చూశానంకుల్. అన్న పోయిన ఏడాదికే వదినని బయటికి పంపించేశారు. మీలాంటి మనిషిని పట్టుకుని అలాంటి ప్రశ్న అడిగాను. నాకే సిగ్గుగా ఉంది."

"నీ ఉద్దోగం నువ్వు సేసినావు" అన్నాడు చలమయ్య. ఇంకేదో చెప్పబోయాడు. సూర్యకుమారి అతని వైపు ఒక్క చూపు చూసింది. నోరు మూసుకున్నాడు.

కారు వీధి చివర మలుపు తిరిగింది. గుమ్మంలో ఇద్దరూ అలాగే నిలబడ్డారు. గండం గడిచింది. పింఛను నిలిచింది. అయినా ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

పక్కింటి పూంగొడి వాళ్ల తలుపు ఓరగా తెరుచుకుంది. పొద్దున్నుంచీ అక్కడ దాచి ఉంచిన ఏడేళ్ల పిల్ల తల బయటపెట్టి సూర్యకుమారిని గుసగుసగా అడిగింది: "అమ్మా, ఆ అక్క ఎల్లిపోయింది గదా, ఇప్పుడు నాన్నని నాన్నా అని పిలవొచ్చా?"