కందిరీగ గూడు పెట్టిన ఇల్లు

సుబ్బరత్నానికి అన్నిటికన్నా పెద్ద భయం, మళ్ళీ కడుపు వస్తుందేమోనని. చంకలో పది నెలల పాప. పాలిచ్చే తల్లికి నెలసరి ఇంకా మొదలు కాలేదు, లెక్క చూసుకుందామన్నా దారి లేదు. పెళ్ళితో ఎనిమిదిలో ఆగిన చదువు. నలభై నిండని అత్తగారు పద్మావతమ్మ పోరగా పోరగా, పదో తరగతి ప్రైవేటుగా రాయడానికి మామగారు వెంకటప్పయ్య తలూపాడు. "ఇంకో కడుపొస్తే మాత్రం చదువు బందు" అన్నాడు.

సరిగ్గా ఆ వారమే నట్టింటి దూలానికి కందిరీగ మట్టిగూడు పెట్టింది.

పక్కింటి జంపక్క చూసి చప్పట్లు చరిచింది.

"ఏందే పిల్లా, మళ్ళానా? ఇంట్ల ఎవరన్న కడుపుతోటి ఉంటెనే కందిరీగ గూడు పెడ్తది."

"ఊరుకో జంపక్కా! కుడితే ఒళ్ళు కందుద్ది, అందుకే కందిరీగ. అంతే."

"గది నీ పుస్తకాల మాట. మా అవ్వ గట్ల చెప్పలే. కందురు అంటే కంటరని. కనేటోళ్ళ ఇంటికొచ్చే ఈగ గనుకనే కందిరీగ!"

సుబ్బరత్నం గబుక్కున లేచింది. చీపురు అందుకుంది. "కొట్టేస్తా దీన్ని!"

"ముట్టకు! గూడు చెదరగొడితే పాపం" అత్తగారు చీపురు లాక్కుంది.

సాయంత్రానికి వాడంతా తెలిసింది. ఒకరు చింతచిగురు తెచ్చారు, ఒకరు పుల్ల మామిడికాయలు. సుబ్బరత్నం వాటి వంక చూడనైనా లేదు. "పారేస్తామా ఏంటి" అని అత్తగారే ఉప్పద్దుకుని తినేసింది.

మర్నాడు అత్తాకోడళ్ళు ఎర్రబస్సెక్కి అశ్వారావుపేట దవాఖానాకి వెళ్ళారు. నర్సమ్మ పరీక్ష చేసి నవ్వింది.

"కడుపూ లేదు, గిడుపూ లేదు. రక్తం తక్కువుంది. ఆకుకూర తిను, పో!"

సుబ్బరత్నం పాపను ఎత్తి గిరగిరా తిప్పింది. ఇంటికొచ్చీ రాగానే జంపక్క ఎదురైంది.

"అయితే కందిరీగ అబద్ధమాడిందంటవా?"

"ఈగకేం తెలుసు జంపక్కా!"

మామగారు మాట తప్పలేదు. ఇప్పుడు సుబ్బరత్నం రోజూ సత్తుపల్లికి ట్యూషన్‌కి పోతోంది, పొద్దుపోయేదాకా ఇంటిపట్టున ఉండదు. మీరెవరైనా అటు వెళితే, నెలలు నిండిన అత్తగారిని ఒకసారి చూసి రండి.