అదే గొంతు

"చూడండి, లోపల పురుగు కూడా లేదు," అంటూ వాచ్‌మన్ కమ్యూనిటీ హాలు తలుపు బార్లా తెరిచాడు.

మునిసిపల్ ఇన్‌స్పెక్టరమ్మ హాలు పక్కింటి పెద్దాయన వైపు తిరిగింది. "బాబాయిగారూ, ఇక్కడ మీటింగులకే అనుమతి అని పోయినేడాది పాటల క్లాసు మాన్పించాం కదా. మళ్లీ అర్జీ ఏమిటి?"

"నాలుగయ్యేసరికి ఎవరో పాడుతున్నారమ్మా. అప్పుడు నా చెవులకు చిల్లులు పొడిచిన గొంతే."

ఆమె రెండు అర్జీలనూ బల్ల మీద పరిచింది. "ఇది కోడిగీతల్లా ఉంది. పాతది ముత్యాల్లా ఉంది. రెండూ మీవేనా?"

"నావే. అప్పుడు నేను చెబుతుంటే మా ఆవిడ రాసింది. ఇప్పుడు రాసిపెట్టడానికి తను బతికి లేదుగా."

వాచ్‌మన్ పాత అర్జీని తేరిపార చూశాడు. అలమారలోంచి పాటల క్లాసు హాజరు పుస్తకం తెచ్చి పక్కన పెట్టాడు. పేజీ పేజీలోనూ అదే చేతిరాత, పెద్దాయన భార్య పేరు.

"ఇంట్లో చెప్పొద్దని అమ్మగారు ఒట్టేయించుకున్నారండీ. క్లాసు మొత్తానికీ పెద్ద గొంతు ఆవిడదే."

"నాలుగింటికి తను టైలరు దగ్గరికి వెళ్లేది," అన్నాడు పెద్దాయన. "మా ఇంట్లో ఎప్పుడూ పాడలేదు."

పాత అర్జీలో ఆమె పొందిగ్గా రాసిన వాక్యం మీద ఆయన వేలు ఆగిపోయింది. 'ఆ గొంతు భరించలేకపోతున్నాను.'

ఇన్‌స్పెక్టరమ్మ గడియారం చూసుకుంది. నాలుగు కావస్తోంది. "తాళం వేసెయ్," అంది వాచ్‌మన్‌తో.

పెద్దాయన గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఐదయ్యాక వేద్దువుగాని. పాడుకోనీ."