పావు అంగుళం

"ఒరేయ్ వెర్లిన్! మీ ఓడెల్ బాబాయ్ మేత కొట్టు మలుపులో టేపు పట్టుకుని కూర్చున్నాడట. ఎత్తు బండ్లన్నీ ఆపి కొలుస్తున్నాడట!" వంటింటి కిటికీలోంచి కేకేసింది తల్లి జూన్.

వెర్లిన్ చేతిలో పని అక్కడే వదిలేసి బండి దగ్గరికి పరుగెత్తాడు.

ఆ కౌంటీలో రూలు ఒక్కటే. పికప్ బండిని చక్రాల మీద ఎలాగైనా ఎత్తించుకో, బంపరు మాత్రం నేల నుంచి ముప్పై అంగుళాలు దాటకూడదు. దాటిందా, పోలీసు డిప్యూటీ ఓడెల్ అక్కడికక్కడే జరిమానా చీటీ చింపి చేతిలో పెడతాడు. చుట్టమని చూడడు, పక్కమని చూడడు.

రెండేళ్లు రంపపు మిల్లులో ఒళ్లు హూనం చేసుకుని వెర్లిన్ తన బండిని ఎత్తించాడు. ఇంట్లో ఎన్నిసార్లు కొలిచినా లెక్క నిలకడగా ఉండదు. పొద్దున ముప్పై మీద నూలుపోగంత, సాయంత్రం ముప్పైకి నూలుపోగంత తక్కువ. ఇవాళ ఆ టేపు ఏం చెబుతుందో దానిమీదే ఉంది పరువంతా. నెవా హోటల్లో మూల బల్ల దగ్గర ఎత్తు బండ్లవాళ్లు తొమ్మిదిమంది కూర్చుంటారు. పదో కుర్చీ మీద ఏడాదిగా వెర్లిన్ కన్ను. కొలత తేడా కొట్టిందంటే కుర్చీ సంగతి దేవుడెరుగు, ఆ గుమ్మం తొక్కడానికే మొహం చెల్లదు.

గబగబా బండి కడిగాడు. వెనకున్న పనిముట్ల పెట్టె, మేత బస్తాలు దించేశాడు. టైర్లలో గాలి దిట్టంగా పట్టించాడు.

"చర్చికి కూడా ఇంత ముస్తాబు చెయ్యవు కదరా!" అంది జూన్. "ఆ సాసేజీ, గ్రేవీ అయినా తినిపో. వారం నుంచి సరిగా ముద్ద ముట్టడం లేదు."

"సహించట్లేదమ్మా."

"అంత బెంగైతే ఏటి దారిన చుట్టూ తిరిగి పోరాదూ?"

"ఇవాళ తప్పించుకుంటే రేపు మాత్రం? ఏదైతే అదైంది" అని బండెక్కాడు.

మలుపులో ఓడెల్ నింపాదిగా కుర్చీలోంచి లేచాడు. మీసాలకి గ్రేవీ అంటుకుని ఉంది. పొద్దున్నే నెవా హోటల్లో దట్టించి వచ్చినట్టున్నాడు.

"రండి రండి దొరగారూ! దూకుతారా, నిచ్చెన తెప్పించనా?"

"దిగుతున్నా బాబాయ్. త్వరగా కొలిచెయ్."

"ఆగాగు! దిగకు. డ్రైవరు సీట్లోనే ఉండాలి. రూలు."

"ఎప్పట్నుంచి?"

"ఇప్పట్నుంచే." ఓడెల్ కిటికీలోంచి తొంగి చూశాడు. "సీటు మీద ఆ అద్దాల ఫ్రేము ఎవరి ఫోటోకిరా? పిల్ల గానీ దొరికిందా?"

"అబ్బే, ఎవరిదీ కాదులే." వెర్లిన్ చెవులు ఎర్రబడ్డాయి.

ఓడెల్ ఈల వేశాడు. దున్నపోతులాంటి వేటకుక్క ఒకటి చెట్టు నీడలోంచి లేచి వచ్చింది. "మా బ్యూలా రోడ్డు మీదకి పోతోంది. కాసేపు నీ బండిలో ఉండనీ" అంటూ దాన్ని వెనక తొట్టిలోకి ఎక్కించాడు.

"వద్దు బాబాయ్! ఇప్పుడే కడిగాను!" ఏడుపొక్కటే తక్కువ వెర్లిన్‌కి.

వెనక టేపు సర్రుమంది. వెర్లిన్ అద్దంలో చూశాడు. ఓడెల్ వంగాడు, లేచాడు, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ వంగాడు. ఎంతసేపయ్యా ఒక్క కొలతకి!

"ఇరవై తొమ్మిది ముప్పావు!" అని అరిచాడు చివరికి. "పావు అంగుళం లోపలే ఉన్నావ్. పండగ చేస్కో ఫో!"

"సరిగ్గా చూశావా బాబాయ్?"

"మూడుసార్లు చూశానురా. నీకు చీటీ రాసే పనే లేదు. మీ అమ్మతో చెప్పు, సంతోషిస్తుంది."

వెర్లిన్ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఓడెల్ మీసాల చాటున నవ్వుకుంటూ కుక్కను పిలిచాడు. అది కిందికి దూకగానే బండి వెనక భాగం ఒక్కసారి పైకి లేచింది.

వెర్లిన్ నేరుగా నెవా హోటల్‌కి వెళ్లాడు. మూల బల్ల దగ్గర తొమ్మిది తలలూ ఒకేసారి తిరిగాయి.

"ఏమైందిరా?"

వెర్లిన్ అడ్డంగా తలూపి, అద్దాల ఫ్రేమును చంకలో దాచుకుని, గుమ్మం పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాడు.

మూల బల్ల పైన గోడకి తొమ్మిదిమందివీ తొమ్మిది అద్దాల ఫ్రేములు, ఒక్కోదాంట్లో ముప్పై అంగుళాలు దాటినందుకు ఓడెల్ బాబాయ్ రాసిచ్చిన జరిమానా చీటీ; పదో మేకు మాత్రం ఇంకా బోసిగానే ఉంది.